అంచు కోయని పుస్తకం

జులై 7, ఆదివారం

తెల్లవారకముందే జల్లు పడి ఆగింది. ఆ తర్వాత ఆకు కదల్లేదు. ఆకుమడిలో వరి నారు బాగానే లేచింది. బోదె కాలవ మీద తూము పూడుకుపోతే మట్టి తీశాను. గంగబాబు కొబ్బరి దింపుకి వచ్చాడు. తెల్లదోమ వల్ల కాయ చిన్నదైపోయింది.

చెట్లు దిగాక మంచినీళ్లకి వంటింటి గుమ్మం దాకా వచ్చి, పై అర మీద ఉన్న స్టీలు ఫ్లాస్కు చూశాడు. "అది ఊరికే పడుందిగదండీ. మాకిచ్చేత్తే తోటల్లోకి టీ అట్టుకెళ్తాం" అన్నాడు. తీసుకోమన్నాను. ఒక్కడికి గ్లాసుడు టీ, దానికి ఫ్లాస్కు దేనికి.

ఫ్లాస్కు దించితే వెనకాల ఒక పుస్తకం ఉంది. "గుమస్తా గారి గొడుగు". లోపల మా ఊరి గ్రంథాలయం ముద్ర. మా ఆవిడ వీరలక్ష్మి తెచ్చిందే. మాఘమాసంలో తెచ్చి ఉంటుంది. ఆ మాసం వెళ్లకుండానే తను పోయింది.

సాయంత్రం ఇచ్చేసి వద్దామని వెళ్లాను. గ్రంథాలయం చూసే మాధురి తీసుకోలేదు.

"ఇది అడుగు బీరువా పుస్తకం కదా బాబాయ్ గారండీ. ఊరికే తీసుకోకూడదండి. పట్టుకెళ్లినవాళ్లు ఎలా ఉందో చెప్పాలండి. అప్పుడు లోపల పెడతాం."

"పట్టుకెళ్లిన మనిషి లేదు కదమ్మా."

ఆ పిల్ల తల దించుకుంది. కిటికీ పక్క బల్ల మీద శరభయ్య గారూ, శ్యామలాంబ గారూ కూర్చుని ఉన్నారు. ఆయన ఐనవిల్లి గుళ్లో చాలాకాలం వేదపారాయణ చేసినాయన. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వీరలక్ష్మి పోయినప్పుడు ఇద్దరూ ఇంటికి వచ్చారు.

"అయితే మీరు చదవండి సోమేశ్వరరావు గారూ" అన్నారు శ్యామలాంబ గారు. "ఆవిడ బదులు మీరు చెబుదురు గాని."

ఆ అడుగు బీరువాలోవి ఎవరో వకీలు గారి పుస్తకాలట. అరవై, డెబ్బై ఏళ్ల నాటివి. రాసినవాళ్ల పేర్లు ఎవరూ విననివి. ముట్టుకోకపోతే చెదలు పడతాయని వీళ్లు ఆదివారం ఆదివారం తలా ఒకటి పట్టుకెళ్లి, తర్వాతి వారం దాని మంచీ చెడ్డా చెప్పుకుంటారు. వీరలక్ష్మి పదేళ్ల పైగా వెళ్లింది. నాలుగింటికి వెళ్లి దీపాలవేళకి వచ్చేది. గ్రంథాలయానికి అనేది. నేను సరే అనేవాణ్ని.

"ఆవిడ ఇక్కడ మాట్లాడేదాండి?" అని అడిగాను.

"మాట్లాడకేవండీ. మేం వినేవాళ్లం" అన్నారు శ్యామలాంబ గారు. శరభయ్య గారు పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటున్నారు.

ఇంట్లో రెండు మాటల తర్వాత మూడో మాట ఉండేది కాదు. అన్నం పెట్టేశాను. కరెంటు మనిషి వచ్చాడు. అంతే. పిల్లలు కూడా లేకపోవడంతో ఇంట్లో పెద్దగా మాట్లాడుకోవలసిన పనీ ఉండేది కాదు. అలాంటి మనిషి అక్కడ ఏం మాట్లాడేదో తెలుసుకోవాలనిపించింది. పుస్తకం మళ్లీ ఇంటికి తెచ్చాను.

జులై 8

వాన. ఎనిమిది పేజీలు. గొడుగు ఇంకా పోలేదు.

జులై 12

గొడుగు పోయింది. గుమస్తా ఆఫీసులో అందరినీ అనుమానిస్తున్నాడు. ఆఖరికి కట్టుకున్న పెళ్లాన్ని కూడా.

ఊడుపులకి మనుషులు దొరకలేదు. సోమవారం వస్తామన్నారు.

నూట పన్నెండో పేజీ మూల మడిచి ఉంది. అక్కడిదాకా చదివిందన్నమాట. గొడుగు దొరికేది నూట నలభైలో.

జులై 14, ఆదివారం

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మాధురి కుర్చీ వేసింది. ముగ్గురూ నా వైపు చూస్తూ కూర్చున్నారు. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బాగుందండి" అన్నాను.

శరభయ్య గారు శ్యామలాంబ గారి వైపు చూశారు.

"అచ్చం..." అని శరభయ్య గారు మొదలుపెట్టారు.

"టీ చెప్పించండి ముందు" అని శ్యామలాంబ గారు ఆయన్ని ఆపేశారు. "ఇక్కడో రూలుందండీ. బాగుంది అని ఊరుకోకూడదు. ఎందుకు బాగుందో చెప్పాలి, లేదా ఎందుకు బాలేదో చెప్పాలి. ఉత్తినే బాగుంది అన్నవాళ్లు అందరికీ టీ పట్టించాలి."

మూల కొట్టు నుంచి టీలు తెచ్చాను. శరభయ్య గారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు. "టీయా ఇది? కుడితి. పూర్వం మనకి ఎలాంటి టీ వచ్చేదండీ!" అన్నారు. శ్యామలాంబ గారు ఆయన్ని ఆ మాట మీద ఉండనివ్వలేదు.

వచ్చేటప్పుడు ఆవిడతో గుమ్మం దాకా నడిచి, మా ఆవిడ ఏ పుస్తకం గురించి ఏం చెప్పిందో గుర్తుందా అని అడిగాను. ఆవిడ చెప్పు వేసుకోవడం ఆపి కాస్త ఆలోచించారు.

"ఒక సర్వేయరు తిరుగుళ్లు అని ఒక పుస్తకం ఉందండీ. గొలుసు పట్టుకుని ఊళ్లన్నీ కొలిచినాయన తన సంగతులు రాసుకున్నాడు. మీ ఆవిడ ఏవన్నారంటే, ఇన్ని ఊళ్లు కొలిచిన మనిషి తన ఇంటి వాకిలి ఎంతుందో ఒక్కసారీ రాయలేదేవండీ అన్నారు."

అంత పొడుగు మాట వీరలక్ష్మి నాతో ఎప్పుడూ అనలేదు. మాధురిని అడిగి ఆ పుస్తకం తీసుకున్నాను.

జులై 16

ఊడుపులు నిన్న మొదలయ్యాయి. తొమ్మిది మంది వచ్చారు. మోకాళ్ల దాకా బురద. సర్వేయరు ఇప్పుడు ఏదో లంకలో ఉన్నాడు. అక్కడ గేదె గొలుసు తొక్కేసిందట.

జులై 21, ఆదివారం

సర్వేయరు తన వాకిలి గురించి రాశాడు. ఒకే ఒక్క వాక్యం, ఎనభై నాలుగో పేజీలో. వాకిట్లో ధాన్యం ఆరబోస్తే నడవడానికి చోటుండేది కాదని. ఆ సంగతి చెప్పాను.

శరభయ్య గారు సంతోషపడ్డారు. "సెబాసు! ఇది అభిప్రాయం అంటే. నా మట్టుకు నాకు ఆ సర్వేయరంటే గిట్టదండీ. అలాంటివాడే ఎవడో మా తాతగారి గట్టు జరిపేసేడు."

"మీ తాతగారి గట్టు మీ తాతగారే జరిపించుకుని ఉంటారు" అన్నారు శ్యామలాంబ గారు.

"మీకు ఎవరు చెప్పేరండీ!"

"మిమ్మల్ని చూస్తే తెలియట్లేదేవిటండీ."

మాధురి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

మరి మా ఆవిడ ఆ వాక్యం ఎలా వదిలేసిందో అన్నాను. "ఆ పేజీ దాటేసి ఉంటారండీ" అన్నారు శ్యామలాంబ గారు, బీరువా వైపు చూస్తూ. అవును, దాటేసి ఉంటుంది. పొయ్యి మీద ఏదో ఉండి ఉంటుంది.

"పదమూడో నంబరు జట్కా" తెచ్చాను. డిటెక్టివు. దాని మీద వీరలక్ష్మి మాట ఏమిటో ముందే చెప్పించుకున్నాను. దొంగ ఎవరో తెలిశాక కూడా రెండోసారి చదివిందట. దొంగ పెళ్లాం మీద జాలిట.

నాకు పుస్తకాలతో పనేమీ లేదు. ఆదివారం పొద్దు పోతుందని వెళ్తున్నాను.

జులై 28, ఆదివారం

జట్కా పుస్తకం శరభయ్య గారు ఐదుసార్లు చదివారట. వేదపండితుడికి డిటెక్టివుల పిచ్చేమిటని శ్యామలాంబ గారు ఆటపట్టిస్తే, "అందులో దోషి తేలతాడండీ. బయట ఎక్కడ తేలేడు?" అన్నారు.

దొంగ పెళ్లాం పుస్తకం మొత్తంలో మూడుచోట్ల వస్తుంది. మూడుచోట్లా తలుపు వెనకాల నుంచుంటుంది. వీరలక్ష్మికి జాలి వేసింది అంటే నమ్మొచ్చు.

ఇంటికి వచ్చి పెరట్లో కాసేపు నుంచున్నాను. వీరలక్ష్మి పెట్టిన చిక్కుడు పాదు ఎండిపోయింది. ఇన్ని వానల్లో ఎలా ఎండిందో.

ఆగస్టు 4, ఆదివారం

శ్యామలాంబ గారు ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. ఆవిడ అద్దెకున్న ఇల్లు అమ్మేశారట. విజయనగరంలో తమ్ముడు ఉన్నాడు, రమ్మంటున్నాడు. వినాయక చవితి వెళ్లాక ప్రయాణం.

"మీకేవండీ, ఇంకా బోలెడు పుస్తకాలున్నాయి" అన్నారు నాతో.

ఆయ్ అన్నాను.

ఆవిడ వెళ్తే వీరలక్ష్మి ఏం అనేదో చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు. శరభయ్య గారు తన మాటలు తప్ప ఎవరి మాటలూ గుర్తు పెట్టుకునే రకం కాదు. మాధురి ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఆవిడ వెళ్లే లోపల ఎన్ని వీలైతే అన్ని అడగాలి. ఇవాళ రెండు పుస్తకాలు తీసుకున్నాను. ఒకటి "కోడలికి చెప్పిన కబుర్లు". రెండోదానికి అట్టా లేదు, పేరూ లేదు. ఎవరో మందుల షాపు ఆయన రాసుకున్న పద్యాలు.

ఆగస్టు 6

పద్యాలు నాకు అర్థం కావడం లేదు. దగ్గు మీద ఒకటి మాత్రం తెలిసింది.

ఆగస్టు 9

తోటలో డ్రెయిను పొంగింది. కోకో చెట్ల మొదళ్లలో నీళ్లు. రోజంతా పారతోనే గడిచింది. నడుం పట్టేసింది. వండుకోలేదు. అరటిపళ్లు తిన్నాను.

ఆగస్టు 11, ఆదివారం

"కోడలికి చెప్పిన కబుర్లు" మీద శ్యామలాంబ గారు చెప్పింది: అత్తగారు మూడు వందల పేజీలు మాట్లాడుతుంది, కోడలు ఒక్కసారీ జవాబివ్వదు, అసలు ఆ పిల్ల ఆ గదిలో ఉందో లేదో చూసుకోవద్దూ అందట వీరలక్ష్మి. శరభయ్య గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆ మాట దారంతా అనుకుంటూ వచ్చాను.

ఇవాళ "మెరక వీధి మేనత్త" తెచ్చాను. లావుపాటి నవల. ఇది మా ఆవిడ చదివిందా అని ముందే అడిగాను.

"చదివేరండీ. ఆఖర్న మేనత్త కాశీ వెళ్లిపోవడం ఆవిడకి నచ్చలేదు. ఎందుకెళ్లాలి, ఆ ఇల్లు ఆవిడది కాదా అన్నారు. చెబుతుంటే కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు."

వీరలక్ష్మి నలుగురిలో కళ్లనీళ్లు పెట్టుకుందంటే పుస్తకం ఎలాంటిదో చూడాలి.

ఆగస్టు 12

మేనత్త తమ్ముడి పిల్లల్ని పెంచుతోంది. తమ్ముడు రెండో పెళ్లి చేసుకున్నాడు. బాగుంది. కాదు, ఎందుకు బాగుందో రాయాలి. ఆవిడ చారు కాచడం రాసిన తీరు బాగుంది. వాసన వచ్చింది.

ఆగస్టు 14

సగం దాటాక పేజీలు తెరుచుకోలేదు. తడిసి అంటుకున్నాయేమో అనుకున్నాను. కాదు. పెద్ద కాగితం మడతపెట్టి కుట్టేసి, అంచు కోయకుండా వదిలేశారు. పాత పుస్తకాలు కొన్ని అలాగే వచ్చేవట, కొన్నవాళ్లు కత్తితో కోసుకునేవాళ్లట. రెండేసి పేజీలు సంచిలా మూసుకుని ఉన్నాయి. వేలు పెట్టి లోపలికి చూస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి, చదవడానికి రాదు. అక్కడి నుంచి ఆఖరి దాకా అంతే.

ఈ పుస్తకం ఆఖరు ఎవరూ చదవలేదు. వకీలు గారు చదవలేదు. వీరలక్ష్మీ చదవలేదు.

ఇంకో ప్రతి ఉండి ఉంటుంది.

ఆగస్టు 15

మాధురికి ఫోన్ చేశాను. ఒకటే ప్రతి అంది.

ఆగస్టు 18, ఆదివారం

ఇంకా అవలేదండి అన్నాను.

ఆగస్టు 22

మందుల షాపు ఆయన పద్యాల మీద వీరలక్ష్మి ఏమందో శ్యామలాంబ గారు ఆవేళ చెప్పింది మళ్లీ గుర్తు చేసుకున్నాను. కడుపునొప్పి పద్యం ఒక్కటే నిజంగా నొప్పి వచ్చి రాసింది అందట. అది తన మాటలాగే ఉంది. సర్వేయరు మాటా తన మాటలాగే ఉంది. ఏది తన మాటలా ఉంటుందో నాకెలా తెలుసు?

ఆగస్టు 25, ఆదివారం

ఇంకా అవలేదండి అన్నాను.

"ఏవండోయ్, మేనత్తతో కాపరం పెట్టేరా ఏవిటి?" అన్నారు శరభయ్య గారు. మాధురి కూడా నవ్వింది. శ్యామలాంబ గారు నవ్వలేదు. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆవిడ దాని అంచు కేసి చూశారేమో అనిపించింది. అలా ఏమీ చూసి ఉండరు.

సెప్టెంబరు 1, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే వాన. శ్యామలాంబ గారు రాలేదు, సామాను సర్దుకుంటున్నారట. మాధురి తాళం తీసి, టార్పాలిన్ కోసం ఎక్కడికో వెళ్లింది. లోపల బీరువా మీద కారుతోంది. నేనూ శరభయ్య గారూ చూరు కింద నుంచున్నాం.

మా ఆవిడ ఈ మేనత్త పుస్తకం ఎప్పుడు పట్టుకెళ్లిందో గుర్తుందా అని అడిగాను.

"ఆవిడకి ఏ పుస్తకవైనా ఒకటేనండీ" అన్నారు. "బాగుందండి అనేది. అంతే."

"ఎప్పుడూనాండి?"

"ఎప్పుడూను. బాగుంది అంటే టీ కదా? అందుకని ఇంటి దగ్గర్నించే ఫ్లాస్కుతో వచ్చేసేది. నోరు విప్పకముందే జరిమానా కట్టేసేదన్నమాట." ఆయన గట్టిగా నవ్వారు. "అల్లం టీ. ఇన్నేళ్లూ ఆ మూల కొట్టువాడి మొహం చూసే పని లేకపోయింది మాకు. మొన్న మీరూ వచ్చి బాగుందండి అనేసరికి..."

"మరి సర్వేయరు వాకిలి?"

"ఏ వాకిలి?"

"టీచరు గారు చెప్పేరండి. మా ఆవిడ అలా అందని."

ఆయన నవ్వు ఆపేశారు. చూరు నీళ్ల కింద చెయ్యి పెట్టి కడుక్కున్నారు. చేతికి ఏమీ అంటలేదు.

"టీచరు గారు చెబితే అని ఉంటుందండీ. నాకు ఒక చెవి సరిగా వినపడదు" అన్నారు.

అంతకుముందు ఎప్పుడూ ఆయనకి చెవుడు చూడలేదు.

ఆదివారం పూట వీరలక్ష్మి పాలు ఎక్కువ పోయించుకునేది. ఎందుకని అడిగానో లేదో గుర్తు లేదు.

అడగలేదు.

సెప్టెంబరు 2

గంగబాబు ఇంటికి వెళ్లాను. ఫ్లాస్కు మళ్లీ కావాలన్నాను.

"ఇచ్చింది ఎనక్కి అడుగుతారేటండీ, మీరు మరీనీ!" అన్నాడు. వాళ్ల ఆవిడ లోపలి నుంచి "ఇచ్చెయ్యి. ఆరి ఆవిడదంట కదా" అంది. ఇచ్చాడు. మూత మీద సొట్ట పడింది. దింపుకి వెళ్లినప్పుడు కాయ పడిందట.

"దీనికి సొట్ట పడింది గాని నా బుర్రకి తగల్లేదండి, అది సూడండి ముందు" అన్నాడు.

అమలాపురంలో వాడికి కొత్తది కొనిస్తానన్నాను.

సెప్టెంబరు 3

శ్యామలాంబ గారి మీద కోపం తెచ్చుకుందామని చూశాను.

సెప్టెంబరు 7

చవితి. ఐనవిల్లి దారి జనంతో నిండిపోయింది. పత్రి తెచ్చాను, ఉండ్రాళ్లు చేయలేదు. గోదారికి వరద. ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటు కట్టేశారు. మూడు రోజుల దాకా కోటిపల్లి వైపు దాటడానికి లేదంటున్నారు. శ్యామలాంబ గారి ప్రయాణం ఆగింది. పది రోజులు ఆగినా నాకు ఇబ్బంది లేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

పండగ మర్నాడని గ్రంథాలయం తెరవలేదు. అయినా నాలుగింటికి వెళ్లి గేటు చూసి వచ్చాను.

సెప్టెంబరు 11

కూరలు కోసే కత్తి నూరి, పేజీలు కోశాను. ముందు రెండు మడతలు చిరిగాయి. తర్వాత చెయ్యి కుదిరింది. కోసినంత మేర చదవడం, మళ్లీ కోయడం. కాగితం లోపల తెల్లగా ఉంది, బయట పేజీల్లా పసుపెక్కలేదు. అన్నం మాడింది.

మేనత్త కాశీ వెళ్లలేదు.

సెప్టెంబరు 12

రెండోసారి చదివాను.

సెప్టెంబరు 15, ఆదివారం

వాన లేదు. పొద్దున్న వరిలో కలుపు తీయించాను. మూడింటికి పాలు కాచి అల్లం దంచి టీ పెట్టాను. ఎంత అల్లం వేసేదో తెలియదు. ఫ్లాస్కు నింపుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాను.

శ్యామలాంబ గారు రేపు వెళ్తున్నారు. పంటు మళ్లీ వేశారు. కిటికీ పక్కనే కూర్చున్నారు. ముందు ఫ్లాస్కు చూశారు, తర్వాత పుస్తకం అంచు చూశారు. చేత్తో కోసిన అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది.

"ఎవరు చెప్పేరండీ?" అన్నారు.

"శరభయ్య గారండి."

"ఆయనకి చెవుడు కదండీ!"

"అదీ ఆయనే చెప్పేరండి."

శరభయ్య గారు జట్కా పుస్తకం ఆరోసారి చదువుతున్నట్టు కూర్చున్నారు.

ఆవిడ చాలాసేపు చీర అంచు సర్దుకున్నారు. తర్వాత అన్నారు: "ఆవిడ మాట్లాడేవారు కాదు, నిజవే. నేను వాగుతుంటే నా మొహంలోకి చూస్తూ కూచునేవారు. ఒప్పితే తల ఊపేవారు. ఒప్పకపోతే ఊపేవారు కారు. ఊపని చోట నాకు మాట ముందుకు పోయేది కాదండీ. ఆగి, మార్చుకుని మళ్లీ చెప్పేదాన్ని. అలా ఆవిడ నా చేత మార్పించినవే మీకు చెప్పేను. సర్వేయరూ అంతే, కోడలూ అంతే. నేను పుట్టించలేదండీ."

"మరి కాశీ?"

"కాశీ మాత్రం నా సొంతవే. ఈ పుస్తకం ఎవరూ తియ్యలేదు. నేనూ చదవలేదు." మొహం కొంచెం ఎర్రబడింది. "ఆ రోజుల్లో నవలల్లో మేనత్తలందరూ కాశీకే వెళ్లేవారండీ. ఈవిడ మాత్రం ఎక్కడికెళ్తుంది అనుకున్నాను. మీరు అడుగుతున్నారు. లేదని చెప్పడానికి నోరు రాలేదు."

మాధురి గ్లాసులు కడిగి తెచ్చింది.

"ఇంతకీ ఆవిడ ఎక్కడికెళ్లిందండీ?" అని శ్యామలాంబ గారే అడిగారు. "చెప్పండి. ఇక్కడ ఎవరికీ తెలీదు."

చెప్పాను. అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. మరదలు వంటింటి తాళాలు తీసేసుకున్నాక మేనత్త ఒక మధ్యాహ్నం మూట కట్టుకుని రైలు స్టేషన్‌కి వెళ్తుంది. టిక్కెట్టు కొనదు. రెండు బళ్లు వచ్చి వెళ్లిపోతాయి. పక్కనున్న ఒక ముసలాయనకి మంచినీళ్లిస్తుంది. చీకటి పడేసరికి లేచి ఇంటికి వచ్చేస్తుంది. తలుపు తీసే ఉంటుంది. పిల్లలు అన్నానికి కూర్చుని ఉంటారు. ఆవిడ మూట మంచం కిందికి తోసి, చేతులు కడుక్కుని వడ్డిస్తుంది. తమ్ముడు మజ్జిగ అడుగుతాడు. అక్కడితో అయిపోయింది.

"అంతేనా?" అన్నారు శరభయ్య గారు.

"అంతేనండి."

"బాగుందా?"

ఆయన కావాలని అడిగారు. ఫ్లాస్కు పక్కనే ఉంది, బాగుంది అన్నా సరిపోయేది.

"స్టేషను దాకా బాగుందండి" అన్నాను. "ఇంటికి వచ్చాక బాలేదు. రాసినాయన ఒక పేజీ తక్కువ రాసేడు. వాళ్లల్లో ఒకళ్లు అడగాలండి. ఇంతసేపూ ఎక్కడికెళ్లేవు అని. మజ్జిగ తర్వాతైనా అడగొచ్చు. పిల్లలకి తెలీదు, సరే. ఆ తమ్ముడికి ఏవొచ్చింది? ఆవిడ జవాబు చెప్పేదో లేదో. చెప్పకపోయినా సరే, అడగాలి కదండి."

ఇంకా ఏదో అందామనుకున్నాను. అక్కడికి ఆగిపోయింది.

శరభయ్య గారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. మాధురి శ్యామలాంబ గారి వైపు చూసింది, ఆవిడ ఏమంటారో అని. ఆవిడ నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. తర్వాత తల ఊపారు.

టీ పోశాను. శరభయ్య గారు తాగి, "అల్లం ఎక్కువైందండీ" అన్నారు. ఇంకో అర గ్లాసు పోయించుకున్నారు.

"మేనత్త" బీరువాలో పెట్టేశాం. తాళం వేశాక శ్యామలాంబ గారూ నేనూ మలుపు దాకా కలిసి నడిచాం. వచ్చే వారం ఏ పుస్తకం అని అడిగారు. "నౌకరీ మానేసిన స్టేషను మాస్టరు" అన్నాను. తను చదవలేదన్నారు. వీరలక్ష్మి చదివిందా అని నేను అడగలేదు.

సెప్టెంబరు 16, సోమవారం

ఎండ. గట్ల మీద బురద ఆరుతోంది. పొద్దున్నే గంగబాబుని తీసుకెళ్లి శ్యామలాంబ గారి సామాను ఆటోలో ముక్తేశ్వరం రేవుకి చేర్చాం. రెండు పెట్టెలు, ఒక కుట్టుమిషను. శరభయ్య గారు రాలేదు. గోదారి ఇంకా ఎర్రగానే ఉంది. తొమ్మిదింటి పంటు మీద శ్యామలాంబ గారు కోటిపల్లి వైపు వెళ్లిపోయారు.